క్రియ ముందు

డాండెనాంగ్ లైబ్రరీ, మంగళవారం, పదిన్నర.
జూన్ నెలలో ఈ చలేమిటో.
రోళ్లు పగిలే గుంటూరు ఎండని
ఎగతాళి చేస్తున్నట్టు
కిటికీ అద్దం మీద వాన.

బెవర్లీ నా కాగితం అందుకుని
ముందు గడియారం చూసుకుంది.
"ఆరు సెకన్లు. అంతకు మించి ఎవరూ చూడరు.
నాకు తెలుసు,
ముప్ఫై ఏళ్లు పక్కన పడేసిన చెయ్యి ఇదే."
చూపించింది కూడా. మచ్చలు పడ్డ, మంచి చెయ్యి.

నాన్న పేరు కొట్టేసింది.
పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, ఫోటో,
కొట్టేసింది.
"పై వివరాలన్నీ నిజమని
ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను"
అన్నదాని దగ్గర పెన్సిలు ఆపి
"అబద్ధమని ఎవరైనా రాస్తారా?" అంది.
"ఇప్పుడు పని చెప్పు. క్రియతో మొదలుపెట్టు."

క్రియతోనా?
మా భాషలో అది ఆఖర్న వస్తుంది, బెవర్లీ గారూ,
బంతిలో అందరికీ వడ్డించాక
తన విస్తరి తను వేసుకునే మనిషిలా.
ముందు మిరపకాయలు రావాలి,
టిక్కీలు, కోల్డ్ స్టోరేజీ, మూడో అంతస్తు,
మెట్ల మీద హమాలీల చెమట,
అన్నీ వచ్చి సర్దుకున్నాక గానీ
లెక్కపెట్టడం రాదు.
ముందే అనేస్తే గాల్లో వేలాడుతుంది.

"వేలాడనీ," అంది.

ఇంకో సంగతి, "నేను" రాయకూడదట.
ఇది తేలికే అనుకున్నాను.
మేమూ మాటిమాటికీ నేను అనం.
కానీ మా నేను ఎక్కడికీ పోదు,
చిన్న "ను" అయి క్రియ తోక పట్టుకునే వస్తుంది.
చూశాను. మోశాను. రాశాను.
వీళ్ల క్రియకి తోక లేదు.
ఎవరు చేశారో కాగితానికి తెలియదు.

"అంకెలు కావాలి. ఎన్ని?"
సీజనుకి ఎనభై వేల టిక్కీలు. పదకొండేళ్లు.
తేజ ఒక పక్క, బాడిగ ఒక పక్క, తాలు వేరే.
నాలుగు కాయలు గుప్పెట్లో గలగలలాడిస్తే
తేమ ఎంతో చెప్పేదాన్ని,
మీటరు నా తరవాత చెప్పేది.

"మొదట చదివేది మెషీను. దానికి గలగల తెలీదు,"
అని ఇన్వెంటరీ, క్వాలిటీ కంట్రోల్
రెండు మాటలు వేసింది,
కిటికీలోంచి బస్సు సీటు మీద
రుమాళ్లు వేసినట్టు.

"ఈ ఇరవయ్యారు ఏమిటి?"

మార్జిన్లో నేనే గీసుకున్నాను,
చెప్పాలో వద్దో తెలియక.
నాలుగో ఛాంబర్లో అమ్మోనియా లీకైన రాత్రి
గేటు దగ్గర హాజరు పుస్తకం పట్టుకుని
ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను.
ఇరవై అయిదుగురు పలికారు.
ఏసోబు పలకలేదు.
టిఫిన్ డబ్బా కోసం లోపలికి పోయాడు. కొత్తదట.
కొంగు తడిపి ముక్కుకి కట్టుకుని వెళ్లి
చొక్కా పట్టుకుని లాక్కొచ్చాను.
తిట్టిన తిట్లు రెజ్యూమేలో పట్టవు.

బెవర్లీ కళ్లజోడు తీసింది.
ఆరు సెకన్లు దాటాయి. చాలా దాటాయి.
తరవాత తనే టైపు చేసింది,
క్రియని ముందుకి జరిపి
నన్ను తీసేసి:
అత్యవసర తరలింపు, ఇరవయ్యారు మంది, నష్టం సున్నా.

"డబ్బా ఏమయింది?"
లోపలే పోయింది.
"మరి సున్నా కాదుగా," అని నవ్వింది.
కానీ సున్నా అలాగే ఉంచింది.

ప్రింటు, పేజీకి ఇరవై సెంట్లు.
ఒక్క వరస రెండో పేజీలోకి జారితే
నా వంట, అల్లికలు తీసేశాం.

బస్సులో కాగితం ఒళ్లో పెట్టుకుని
ఒక్కో వరసనీ వెనకనుంచి చదివాను,
క్రియని దాని పీట మీద కూర్చోబెట్టి.
టిక్కీలు లెక్కపెట్టాను.
తేమ చూశాను.
ఏసోబు చొక్కా పట్టుకున్నాను.
వీళ్లు పిలుస్తారో లేదో.
నేనైతే ఇరవయ్యారు మందినీ పిలిచాను.

దిగాల్సిన స్టాపు దాటిపోయింది.
గంట నొక్కాను.