రెండో ఎలక్ట్రాన్

డండీలో ఆ రంగుల కొట్టు నాది కాదు,
డబ్బాల్లో రంగు కలిపే చెయ్యి మాత్రం నాది.
"ఈ నీలం ఎందుకు నీలం?" అంది ఓ చిన్నపిల్ల.
కంపెనీ నంబరు చెప్పాను.
ఆ రాత్రంతా సిగ్గేసింది.

పాత పుస్తకాలమ్మే మొయిరా
నేనడిగిన లావు పుస్తకం నా చేతిలోంచి తీసి
మళ్ళీ అరలో పెట్టేసింది.
"ముందు ఇది" అంటూ
అట్ట ఊడిన కాలిక్యులస్. నాలుగు పౌండ్లు.
చలికాలం మొత్తం దానికే సరిపోయింది.

మార్చిలో హైడ్రోజన్ దగ్గరికి చేరాను.
ఒకే ఒక్క ఎలక్ట్రాన్.
ఎక్కడున్నావంటే చెప్పదు,
ఎక్కడెక్కడ ఉండొచ్చో చెబుతుంది,
ఫోనులో మా తమ్ముడిలాగే.
అయినా లెక్క తేలింది!
ఇరవై రెండో నంబరు బస్సులో పైకే నవ్వేశాను.

పేజీ తిప్పితే హీలియం.
ఇద్దరు. ఒకర్నొకరు తోసుకుంటారు.
ఇక కచ్చితమైన జవాబు లేదట, ఉజ్జాయింపే.
ఇద్దరున్న ఇంట్లో లెక్క ఎప్పుడు తేలింది గనక!
పేజీ అంచున ఎవరిదో మాసిన పెన్సిలు రాత:
"ఇక్కడ మూడుసార్లు ఏడ్చాను. నాలుగోసారి చదువు."

నాకిది రెండోసారి.
కిటికీ అవతల టే నది మీద వాన వెలిసింది.
నీలం దాకా ఇంకా మూడొందల పేజీలు.
ఆ పిల్ల
అప్పటికి మళ్ళీ కొట్టుకొస్తుందో, లేదో.