లూప్ లైన్లో

పడుగుపాడు రాగానే తవుడు వాసన.
బిట్రగుంటలో దిగితే
ఊరికంటే స్టేషనే పెద్దదనిపిస్తుంది,
పొడుగాటి ప్లాట్‌ఫారం మీద
మన చెప్పుల చప్పుడు మనకే వినపడుతుంది.
కావలిలో వడలు. వేడిగా ఉంటే బాగుంటాయి, ఉండవు.

రొయ్యల మేత అమ్ముకునేవాణ్ణి,
పన్నెండేళ్ళుగా ఇదే పాసింజరు.
తెట్టు గురించి మాత్రం ఎవరడిగినా
"ఏముందబ్బా ఆడ" అనేవాణ్ణి.

మొన్న ఎక్స్‌ప్రెస్ కోసం మమ్మల్ని పక్క పట్టాల మీదికి తోశారు.
కంకర మీదికి దూకి, కొళాయి తిప్పి
సీసా నింపుకున్నా. ఉప్పు నీళ్ళు.
"టీ చుక్క కూడా దొరకదా" అని
ఒంగోలు పోయే ఆడమనిషి విసుక్కుంది.
ఆమె కొడుకు బెంచీ కింద కుక్కపిల్లల్ని లెక్కపెట్టి
ఐదన్నాడు, కాదు ఆరన్నాడు.

పచ్చజెండా చంకలో పెట్టుకుని
మాలకొండయ్య దగ్గరికొచ్చాడు.
"ఎట్టుండాది సార్ మా స్టేషను?"
ఎగతాళి కాదు.
పెళ్ళి పంక్తిలో కూర వడ్డించినవాడు అడిగినట్టు
అడిగి, నిలబడ్డాడు.

అప్పుడు చూశాను.
పాత గ్రీజు డబ్బాల్లో కనకాంబరాలు.
పసుపు బోర్డు మీద
తెట్టు అన్న రెండక్షరాలకు కొత్త నలుపు,
ఒత్తు కాస్త లావైంది.
"నువ్వే దిద్దావా?"
"రంగు మిగిలితేనూ."

అంతలో ఎక్స్‌ప్రెస్ వచ్చింది, పోయింది.
అద్దాల వెనక ఒక్క తల తిరగలేదు.
ఆఖరి పెట్టె దాటి, దుమ్ము కూడా పడుకున్నాక గానీ
అతను జెండా దించలేదు.

జవాబు చెప్పలేదని
ఉలవపాడులో గుర్తొచ్చింది.
సీసా ఎత్తి ఒక గుక్క తాగా.
ఉప్పే.
మూత బిగించి
సంచిలో పెట్టుకున్నా.