నేల ఒక్కటే

జోర్కో స్క్రూడ్రైవర్ తీసి
తలుపు కింది అంచుని ఊరికే అలా తాకాడు.
నానిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగిపోయింది.
బయటికి లాగి, మొనకంటిన గోధుమరంగు పొడిని
నా అరచేతిలో రాల్చి
"ఇదీ నీ లాంచియా" అన్నాడు.

ఒపిచీనా గుట్టమీద అతని షెడ్డు.
బోరా గాలి పైరేకుల్ని పట్టుకుని గుంజుతోంది.
మా ట్రియెస్టేలో గాలికి కూడా పేరుంటుంది.
పేరు పెట్టి మరీ తిట్టుకుంటాం.

డెబ్బై ఒకటో సంవత్సరపు ఫుల్వియా.
ముదురు వంకాయ రంగు, ఇప్పుడు ఎండు వంకాయ.
మీటర్ల చుట్టూ చెక్క పలక,
దాని మీద లీవియో సిగరెట్టు ఆనించిన మచ్చ.
రేవులో క్రేన్ ఎక్కిన మొదటేడు జీతంలోంచి సగం నేను,
పడవ మోటారు అమ్మి సగం తమ్ముడు.
కాయితం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి,
నాది ముందు.

గ్రాదో దాకా వెళ్లి
మూడో గేరు పళ్లు రాలగొట్టుకొచ్చి
"నేను కాదు" అన్నాడు వాడు.
పదకొండేళ్లయింది. ఇంకా వాడు కాదు.

జోర్కో అట్టముక్క మీద లెక్క రాశాడు.
నేల, గుమ్మాలు, ఇంజన్ని మోసే చట్రం,
టొరీనోలో ఒకే ఒక ముసలాయన దగ్గర దొరికే బ్రేకులు,
రంగు, మళ్లీ రంగు.
తడిసి మోపెడు.
అట్ట అయిపోతే తిప్పి రాశాడు.

ఊదినేలో మాజ్దా ఉంది.
ఆరేళ్లది, ఎర్రది, పంతొమ్మిది వేల కిలోమీటర్లు.
అమ్మే పిల్ల పేరు డెబోరా, నర్సు.
కవలలట. రెండు సీట్లలో నలుగురం ఎలా పడతాం అని నవ్వింది.
తాళం తిప్పే పనే లేదు, బటన్ నొక్కాను.
పైకప్పుని ఒంటిచేత్తో వెనక్కి మడిచాను.
మలుపులు నాకంటే ముందే దానికి తెలుసు.
వానొస్తే లోపల కురవదట!
నచ్చలేదని రాస్తే పద్యానికి బాగుండేది.
నచ్చింది.
యాభై ఎనిమిదేళ్ల మోకాలికి
ఆ క్లచ్ వెన్నపూసలా ఉంది.
శనివారంలోగా బయానా ఇస్తానన్నాను.

ఆ వారమంతా రాత్రి షిఫ్టు.
నలభై మీటర్ల ఎత్తున గాజు గదిలో కూర్చుని
ఒక్కో కంటైనర్ని ఓడలోంచి లేపుతుంటాను.
లోపల ఏముందని అడగను.
బరువెంతో చెబితే చాలు.
ఫుల్వియా తొమ్మిది వందల చిల్లర కిలోలు.
నా క్రేన్‌కి అది లెక్కలోకే రాదు.
మరి గురువారం గడిచి శుక్రవారం వస్తుంటే
కొక్కెం ఎక్కడ తగిలించాలో తెలియలేదు.

శనివారం పొద్దున్నే డెబోరాకి ఫోన్ చేసి వద్దన్నాను.
"పర్లేదు, ఇంకొకాయన లైన్లో ఉన్నాడు" అంది.
ఎవడా ఇంకొకాయన?
రోజంతా వాడి మీద మంట.

సాయంత్రం జోర్కోతో చెప్పాను:
"నేల ఒక్కటే. ఈ చలికాలానికి నేల ఒక్కటే వెయ్యి."
"మిగతాది?"
"తర్వాత."
"తర్వాత అంటే?"
నేను రేకుల చప్పుడు వింటున్నట్టు నటించాను.
"కదలని కారుకి నేలెందుకు?" అని గొణిగి
చేతులు తుడుచుకుని బిల్లు రాశాడు.
నా దగ్గరున్న డబ్బు సరిగ్గా
అందులో సగానికి సరిపోతుంది.

బిల్లు ఫొటో తీసి లీవియోకి పంపాను.
ఎలా ఉన్నావని అడగలేదు.
"సగం నీది" అని మాత్రం కొట్టాను.

రెండు రోజులు ఏమీ లేదు.
మూడో రాత్రి జేబులో ఫోన్ వణికింది.
కంటైనర్ గాల్లో ఉంది. దించాక చూశాను.

"ఏ సగం?
స్టీరింగ్ వైపా, అవతలి వైపా?"

ఇంకో ఓడపెట్టె లేపి, దించేలోపు
మళ్లీ:

"మూడో గేరుకి ఎంతవుతుందో కూడా
అడిగి చూడు."