తొడిమ

ఏనుమాముల గేటు దాటి, కోల్డ్ స్టోరేజీ ఎనుక రేకుల షెడ్డు.
పొద్దుగాల ఏడు కొట్టకముందే ఘాటు గొంతుల కూసుంటది.
నేను రాసేటోణ్ని.
ఎవరియి ఎన్ని కిలోలు, కిలోకెంత.
ఎర్ర అట్ట బుక్కు నాది, మిర్చి కాదు.

మిర్చి ఓడెక్కుతది. తొడిమ ఎక్కదు.
తొడిమ బరువుకు కిరాయి ఎవడు కడతడని
ఒక్కొక్కటి గిల్లి పారేయమంటరు అవతలోళ్లు.

మొదలు మాస్కులు బందైనయి.
ఎన్క పదకొండు గంటల చాయ.
హసన్‌పర్తి నుంచొచ్చేటోళ్ల ఆటో కిరాయి.
పాలు తాగే పిల్లను చెల్లె ఎత్తుకొస్తే
మజ్జిగతోని చేతులు మూడుసార్లు కడుక్కొని
స్రవంతి పక్కకు కూసునే అరగంట గూడ
నా పెన్నుతోనే కొట్టేసిన.
గిల్లినట్టే, చప్పుడు లేకుంట.

మేడారం జాతర ముంగట
కొనేటోళ్ల మనుషులొచ్చిన్రు తనిఖీకి.
ఆ పొద్దు అందరికీ గ్లౌజులు, గోడకు మందుల డబ్బా,
సల్లటి నీళ్ల క్యాను. ఫోటోలు దిగిన్రు.
కారు మలుపు తిరగంగనే
గ్లౌజులు లెక్కవెట్టి వాపసు తీసుకున్న:
నలభై రెండు జతలకు నలభై ఒకటి.
ఎవరి రైకల ఉందో నాకెరుకే.
చినిగిందని రాసిన.

రాత్రి సేటు మెసేజి:
ఇంకో దేశపోడు తక్కువకు పంపుతుండట.
రేపట్నించి కిలోకు ఏడు.
నిన్నటిదాంక తొమ్మిది.

పొద్దున చదివిన. తలకాయ బుక్కులనే పెట్టి చదివిన.
కుప్ప మీద చేతులు ఆగినయి.
ఫ్యాను కిర్రుమంటదని నాకు గప్పుడే తెలిసింది.

దూడపాక కొంరమ్మ కొంగుతోని ముక్కు తుడుసుకొని అడిగింది:
"ఆ దేశంల తొడిమలు గిల్లే ఆమెకు ఎంతిస్తున్రు సారూ?"
తెల్వదన్న.
"మా రేటు చూపెట్టి ఆమెకు తగ్గిచ్చిన్రా,
ఆమె రేటు చూపెట్టి మాకా?"
తెల్వదన్న.
"ఆడ గూడ ఒకడు ఉంటడు గదా, నీలెక్క
తలకాయ వంచుకొని సదివేటోడు."
ఎవలో నవ్విన్రు. నవ్వు దగ్గైంది.

"ఆమె పేరు కనుక్కో. మా పేర్ల కిందనే రాయి."

ఇప్పుడు పగటి రెండు. కుప్ప అట్లనే ఉంది.
సేటు ఫోను మూడుసార్లు మోగి ఊకున్నది.
నలభై రెండు పేర్ల కింద ఇంకో గీత గీసిన.
రేటు గడి ఖాళీ.
ఆమె పేరు ఏ అక్షరంతోని మొదలైతదో,
పెన్ను పట్టుకొని కూసున్న.