కొలిచాక కొసరు

మొదటి నెల నేను రాసినవి:
పరుపుల గురించి పదకొండు వ్యాసాలు,
ఒక్కదాని మీదా నేను పడుకోలేదు.
ఓస్లోలో ఎవరిదో కుక్కకి చలికోటు గురించి ఒకటి,
కిసుములో కూర్చుని,
మెడ మీద చెమట తుడుచుకుంటూ.

బడి ఉద్యోగం మానేశానని
అన్న ఓజ్వాంగ్ మాట్లాడటం మానేశాడు.
"రాతలతో ఉగాలి ఉడుకుతుందా?"
అదే అతని చివరి మాట.
ఆ నెల నిజంగానే ఉడకలేదు.

నా పేరు అవూర్. అర్ధరాత్రి పుట్టినదని అర్థం.
పేరు పెట్టినవాళ్ళకి ముందే తెలుసేమో,
ఎక్కడో ఎవరికో సాయంత్రమైతే
నాకు పని మొదలవుతుందని.
కరెంటు పోతే ఫోన్ వెలుగులో,
ఫోన్ కూడా చచ్చిపోతే బుర్రలోనే
వాక్యాల్ని తిరగేసి మరగేసి
పొద్దున్నే నెట్ కొట్టులో
గంటకింతని కట్టి దించుకునేదాన్ని.

"చాలా బాగుంది" అని జవాబొచ్చేది.
"మీ శైలి నచ్చింది. ఇంకొక్క నమూనా పంపండి."
పంపేదాన్ని.
ఇంకొక్కటి.
మూడోది వాళ్ళ పేజీలో కనిపించింది,
కామా కూడా కదలకుండా,
కింద వేరే ఎవరి పేరో.

ఆ రోజు రాయలేదు.
చేపల రేవుకి పోయాను.
అపోండి పిన్ని (రేవులో అందరికీ పిన్నే)
ఎండిన ఒమేనా రాశి ముందు
తగరపు డబ్బాతో కూర్చుంది.
వేలెడంత లేని చేపలు,
ఎవరో వెండిని తురిమి పోసినట్టు.
ఒకామె వచ్చీ రాగానే చెయ్యి చాపింది,
రుచి చూస్తాను, గుప్పెడు వెయ్యమని.
పిన్ని తలెత్తలేదు.
"ముందు కొలత. కొలిచాక కొసరు.
కొసరుతో మొదలెడితే
పొద్దుగూకేసరికి డబ్బా మిగులుతుంది,
డబ్బు మిగలదు."

డబ్బా నింపింది, గోపురంలా పోసింది,
నోట్లు లెక్కపెట్టి నడుముకి దోపింది.
అప్పుడు, ఎవరూ అడక్కుండానే,
ఇంకో గుప్పెడు.

నేను వెళ్ళింది ఓదార్పు కోసం.
తిరిగొచ్చింది చేపల వాసనతో.

ఆ రాత్రి రాసింది
నా బతుకులో అతి చిన్న రచన:
"మూడు నమూనాలు మీ దగ్గరున్నాయి.
నాలుగోదానికి మాటకింత."
పంపే మీట మీద వేలు పెట్టి
ఎంతసేపున్నానో తెలీదు.
పక్కింటి పుంజు, వేళాపాళా లేనిది,
రెండుసార్లు కూసింది.

వాళ్ళు జవాబివ్వలేదు.
ఇప్పటికీ ఇవ్వలేదు.

తొమ్మిది రోజులకి వేరొకరు ఇచ్చారు.
లాములో పడవలు బాగుచేసే ముసలాయన, షెకూవే.
దుకాణం గురించి నాలుగు వందల మాటలు కావాలి.
"గొప్పలొద్దు. ఉన్నదే రాయి."
సగం డబ్బు ముందే, ఫోన్లో, టింగుమని.

నాలుగు గంటలు ఫోన్లో ఆయన చేత చెప్పించుకున్నాను:
పగుళ్ళలో దూది కూరడం, పైన నూనె పట్టించడం,
చెవి ఆనించి కొయ్య తట్టి చూడడం.
నాలుగు వందలూ కొలిచి పోశాను.
మిగతా సగం పడ్డాక
ఒక వాక్యం విడిగా పంపాను:
"ఒడ్డుకెక్కించిన పడవ కూడా
నీళ్ళవైపే మొహం పెట్టుకుని ఉంటుంది."

మర్నాడు ముసలాయన ఫోను.
"లెక్కలో ఒక వాక్యం ఎక్కువొచ్చింది, అమ్మాయీ.
దానికెంత?"