వెనకాల ఆ పొడుగు పోర్టు

మొదట ఖాజావలి నవ్వినాడు.
సుబేదారుపేట సందులో మిద్దెమీద కొట్టు వాడిది,
మెట్ల మీద కూడా కీబోర్డులు ఒడియాల్లా ఆరేసుంటాయి.
"ఎక్స్‌పీ చచ్చి ఎన్నేళ్ళయిందో తెలుసా అక్కా?
కంపెనీవోళ్ళు దినకర్మ గూడా చేసేసినారు."
తెలుసబ్బయ్యా.
చెప్పుంటే ఆ కార్డు కూడా నేనే కొట్టిచ్చేదాన్ని.

పోయిన నెల ఉరుములకి నా డబ్బా కాలిపోయింది.
మాడిన పకోడీ వాసన, మూడ్రోజులు పోలా.
హార్డ్ డిస్కు ఒక్కటీ బతికింది,
దాన్లో పద్దెనిమిదేళ్ళ పెళ్ళిళ్ళు,
వోణీ ఫంక్షన్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు.
పక్క కొట్టు పిల్లోడి కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే
అక్షరాలు ఒకచోట, వొత్తులు ఒకచోట.
చి.ల.సౌ. ఉండాల్సిన చోట డాలరు గుర్తు.
పెళ్ళికొడుకు పెంచలయ్య ఏమో
మూడు ఖాళీ గళ్ళూ, ఒక ప్రశ్నార్థకం.

అందుకని ఏరుకుంటున్నా, చింతపండులో గింజలేరినట్టు.
కొత్త బోర్డు వద్దు, దానికి పాత మాట అర్థం కాదు.
పాతదే, జీ నలభై ఒకటి.
కెపాసిటర్లు పొంగకుండా ఉండాలి,
వేలితో ఒక్కోదాన్నీ తడిమి చూసినా,
పూరీలా ఏందీ, పొంగితే మెచ్చుకోడానికి.
అదే ధరకి ఎనిమిది జీబీ ర్యామ్ ఇస్తానన్నాడు.
మూడుకి పైన ఎక్స్‌పీ లెక్కపెట్టలేదు గదా,
మిగిలింది ఎవరి కోసం?
గ్రాఫిక్స్ కార్డు కావాలా అంటే
నేనాడేది ఆటలా? అరసున్నా కనపడితే చాలు.
ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం కొత్తది, బిల్లుతో.
అన్నీ పాతవి పెట్టొచ్చు, కరెంటు పోసేది పెట్టకూడదు.
ఆ పకోడీ వాసన నేర్పింది అదొక్కటే.

ఇంకోటి. వెనకాల ఆ పొడుగు పోర్టు ఉండాలి,
ఇరవై అయిదు బొక్కలది.
ఫాంటు తాళం అందులోనే దూరుతుంది,
బూడిద రంగుది, బొటనవేలంత.
అది దూరకపోతే నా మిషనుకి తెలుగు రాదు.
ట్రంకు రోడ్డులో మూడు కొట్లడిగినా.
ఒకడు లేదన్నాడు. ఒకడు అదేందన్నాడు.
మూడో పిల్లోడు ఫోన్లో దాని బొమ్మ చూసి
మ్యూజియంలో అడగమన్నాడు, మర్యాదగానే.

చివరికి కోవూరు సొసైటీ పారేసిన డబ్బాలో దొరికింది.
లోపల బూజు, రెండు బల్లిగుడ్లు,
ఎవరిదో ఎరువుల రసీదు.
మొత్తం నాలుగువేల మూడొందలు. వెయ్యి బాకీ.

రాత్రి నేనూ వాడూ కూచున్నాం.
డిస్కుని ఐడీఈ అని అబద్ధం చెప్పి నమ్మించాలంట.
మూడుసార్లు నీలం తెర. టీలు రెండు.
నాలుగోసారికి ఆ పచ్చగడ్డి దిబ్బ వచ్చింది.
అట్లాంటి దిబ్బ మన జిల్లాలో యాడా లేదు,
అయినా మా వీధి మలుపు తిరిగినట్టనిపించింది.
"నెట్టు తీగ మాత్రం పెట్టమాక అక్కా,
దీనికి తలుపుల్లేవు."
బోర్డు మీద సెల్లు అయిపోయిందేమో
తేదీ రెండువేల తొమ్మిది జనవరి ఒకటి అంటోంది.
నేను వెంటనే దిద్దలా.

పొద్దున్నే మస్తానమ్మ వచ్చింది, వారం నించీ తిరుగుతాంది.
సర్టిఫికెట్టుకి శుభలేఖ అడిగినారంట.
ఆల్బమూ, కార్డూ పెన్నా వరదకి పోయినాయి.
పెళ్ళి రెండువేల ఎనిమిదిలో.
మిషను లెక్కలో ఇంకా కొత్త కాపరమే.
తెరిచినా.
వొత్తులన్నీ ఎవరి అక్షరం కింద వాళ్ళు సర్దుకున్నాయి,
బడి గంట కొట్టినట్టు.
చి.ల.సౌ. మస్తానమ్మ. చి. పెంచలయ్య.
కింద, అప్పుడెట్లా చూసుకోలేదో,
"సకుటుంబ" అనేదానికి "సకుంటుబ" అని కొట్టున్నా.

దిద్దుతా ఉండమ్మే, అన్నా సిగ్గుతో.
"వద్దక్కా," తెర దగ్గరికి వంగింది,
"ఆ తప్పుకి మా మామ నీతో ఎంత పోట్లాడినాడు!
అది లేకపోతే మాది కాదనుకుంటారు."

ప్రింటు నొక్కినా.
ఫ్యాను కొంచెం గరగరమంటాంది,
ఖాజావలికి చెప్పాల.