ముప్పావు సెకను

లెక్క ప్రకారం ఆ గీత
మా డాబా మీంచి పోదు.
కోటిపల్లి రేవు దాటాక, లంకలో
మిరపచేనుకీ ఇటుకబట్టీకీ నడుమ పడుతుంది.

పదకొండూ నలభై రెండు, పదిహేడో సెకను.
రాత్రి మళ్ళీ చూస్తే పంతొమ్మిది.
స్టేషన్ని కాస్త పైకి నెట్టారట.
రెండు సెకన్లంటే అక్కడ పదిహేను కిలోమీటర్లు.
ఇక్కడ తాతబ్బాయి చుట్టకి ఒక్క దమ్ము.

"మనుషులుంటారాండీ అందులో?"
"ఏడుగురు."
"ఆళ్ళకి తెలుసాండీ, మనం పనిగట్టుకుని ఏరు దాటేవని?"

టెలిస్కోపు కాళ్ళు ఇసకలో దిగబడుతున్నాయి.
కిందకి కొబ్బరిడొక్కలు తోశాను,
జవాబు చెప్పకుండా.

ఎవరిదో శుభలేఖ, వెనకవైపు తెలుపు.
దాన్ని అతను పట్టుకుంటే
దానిమీద అప్పడమంత సూర్యుడు,
రెండు మచ్చలు, గాలికి ఉడుకుతున్న అంచు.
ఫోన్లో సెకన్లు పైకి చదువుతున్నాను.
పన్నెండు. పదమూడు.

నల్లగా ఏదో అడ్డొచ్చింది.
నీటికాకి!
రెక్కలు కొట్టుకుంటూ, తీరిగ్గా.
ఛీ, దీనికిప్పుడే కుదిరిందా అని
తలెత్తి తిట్టాను.
తల దించేసరికి ఇరవై ఒకటి.

అట్ట మాత్రం కదల్లేదు.
"ఎల్లిపోయిందండీ," అన్నాడు, గొంతు తగ్గించి.
"నువ్వుగింజంత పడవ.
తెడ్లు రెండూ చాపేడు గానీ
ఎయ్యలేదండాయ్.
ఏటివాలుకి వదిలేసేడు."

మూడేళ్ళుగా కక్ష్య గురించి
పిల్లలకి నేను చెబుతున్నది ఇదే,
ఇంతకన్నా పొడుగ్గా.

తిరుగుపడవలో నోట్‌బుక్ తీశాను.
'చూసినవారు' అన్న గడిలో
ముందే రాసుకొచ్చిన నా పేరు కొట్టేసి
అతని ఇంటిపేరు అడిగాను.
చెప్పడానికి
తెడ్డు ఆపాడు.